నెలకు వెయ్యి అందరికీ ఇస్తే ఇంటి ఆదాయం, పన్ను ఎలా మారతాయి? లెక్క ఎలా కట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఎమ్మే ప్రాజెక్టు కోసం, దేశంలో పసిపిల్లల నుంచి పండు ముసలివాళ్ల దాకా ప్రతి ఒక్కరికీ నెలకు 1,000 రూపాయల సార్వత్రిక కనీస ఆదాయం (యూబీఐ) ఇస్తే ఇళ్ల ఆదాయం, పన్నులు ఎలా మారతాయో చూపించాలి. మీరు సర్వే డేటా తీసుకుని, ప్రతి ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యను 12,000తో గుణించి ఇంటి ఆదాయానికి కలిపారు. అసమానత బాగా తగ్గినట్టు వచ్చింది. "ఇది మోడల్ కాదు" అని మీ గైడ్ అన్నారు. ఇంకేం కలపాలి, దీనికి ఎక్సెల్ చాలుతుందా అని అడుగుతున్నారు.

మీ గైడ్ చెప్పింది నిజమే. మీరు చేసింది సగం లెక్క. మిగతా సగం: ఆ డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తుంది, దానికోసం ఏ పథకం ఆగిపోతుంది. ఈ రెండూ అదే షీటులో, అదే ఇంటి వరుసలో కనిపించాలి. ఇంటికి వచ్చే యూబీఐలోంచి ఆ ఇల్లు అదనంగా కట్టే పన్నును, ఆ ఇల్లు పోగొట్టుకునే పథకాల విలువను తీసేయాలి. మిగిలే నికర మొత్తమే మీ ఫలితం. కుటుంబ సర్వేలతో పన్నుల లెక్కలు కట్టడం నా రోజువారీ పని. నేను చూసినంతలో, ఫలితం ఎటు మొగ్గుతుందో ఎక్కువగా తేల్చేది ఇచ్చే వెయ్యి కంటే అది తెచ్చే దారే.

ముందు మొత్తం ఖర్చు చూద్దాం. 140 కోట్ల మంది, తలకు ఏడాదికి 12,000. అంటే 16.8 లక్షల కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం ఖర్చు అంచనా 50.65 లక్షల కోట్లు, అందులో మూడో వంతు. అదే బడ్జెట్లో వ్యక్తిగత ఆదాయపు పన్ను ద్వారా వస్తుందని వేసుకున్నది 14.38 లక్షల కోట్లు. ఈ రోజు ఆదాయపు పన్ను కట్టేవాళ్లందరూ కట్టేదానికి రెండింతలు కట్టినా యూబీఐకి చాలదన్నమాట. "ధనికుల మీద కాస్త పన్ను పెంచితే సరిపోతుంది" అన్న వాక్యం మీ రిపోర్టులో ఉంటే తీసేయండి.

పోనీ ఉన్న పథకాలు తీసేద్దాం అంటారా? అదే బడ్జెట్ అంచనాల్లో ఆహార సబ్సిడీ దాదాపు 2.03 లక్షల కోట్లు, ఎరువుల సబ్సిడీ 1.68 లక్షల కోట్లు, ఉపాధి హామీ 86,000 కోట్లు, పీఎం కిసాన్ 63,500 కోట్లు. నాలుగూ కలిపితే 5.2 లక్షల కోట్లు. ఇవన్నీ ఒక్క కలంపోటుతో కొట్టేసినా ఇంకా 11.6 లక్షల కోట్లు కావాలి. 2016-17 ఆర్థిక సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ బృందం ఇదే విషయాన్ని ఒక అధ్యాయంగా రాసింది. వాళ్లు తలకు ఏడాదికి 7,620 రూపాయలు తీసుకున్నారు. జనాభాలో బాగా ఉన్న పై 25 శాతం మందిని పక్కన పెట్టారు. అయినా ఖర్చు జీడీపీలో 4.9 శాతం తేలింది. పై పాతిక శాతాన్ని వదిలేయడంతోనే అది "సార్వత్రికం" కాకుండా పోయింది కదా అని విమర్శ వచ్చింది. కానీ ఆ నిర్ణయం వెనక ఉన్న లెక్క ఇదే.

ఇప్పుడు పన్ను సంగతి. మన దేశంలో ఎక్కువ ఇళ్లకు ఆదాయపు పన్నుతో సంబంధమే లేదు. రిటర్ను వేసేవాళ్లలోనూ ఎక్కువమంది చివరికి కట్టేది సున్నా. అందువల్ల అమెరికా, బ్రిటన్ పరిశోధన పత్రాల్లో చూసి "ఫ్లాట్ ఇన్‌కమ్ ట్యాక్స్ (అందరికీ ఒకే రేటు ఆదాయపు పన్ను) పెడదాం" అని ఇక్కడ మోడల్ కడితే గాలిలో మేడ కట్టినట్టే. మనకు నిజంగా అందరి నుంచీ వచ్చే పన్ను కొనుగోళ్ల మీద వేసేదే. కాబట్టి కనీసం రెండు నిధుల దారులు పెట్టుకోండి: ఒకటి ఆదాయపు పన్ను, రెండు వినియోగం మీద పన్ను. రెండింటి ఫలితాలూ పక్కపక్కన చూపించండి.

వినియోగ పన్ను దారిలో ఒక పెద్ద గొయ్యి ఉంది. 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తలసరి నెల ఖర్చు గ్రామాల్లో 4,122, పట్టణాల్లో 6,996 రూపాయలు. దీన్ని జనాభా మొత్తానికి హెచ్చిస్తే ఏడాదికి సుమారు 86 లక్షల కోట్లు వస్తుంది. జీడీపీని లెక్కకట్టే జాతీయ ఖాతాల్లో ప్రైవేటు వినియోగం జీడీపీలో దాదాపు 60 శాతం, అంటే సుమారు 200 లక్షల కోట్లు. రెండూ ఒకే దేశానివి, కానీ రెండింతలకు పైగా తేడా. కొంత నిర్వచనాల వల్ల, కొంత బాగా డబ్బున్నవాళ్లు సర్వేకి దొరక్కపోవడం వల్ల, దొరికినా తక్కువ చెప్పడం వల్ల.

ఇది మీ ఫలితాన్ని ఎంత మారుస్తుందో చూడండి. 16.8 లక్షల కోట్లు రాబట్టాలంటే జాతీయ ఖాతాల లెక్కలో వినియోగం మీద 8.4 శాతం పన్ను చాలు. సర్వే లెక్కలో 19.5 శాతం కావాలి. మొదటి లెక్కలో తలకు నెలకు సుమారు 11,900 ఖర్చు పెట్టే మనిషికి లాభమూ లేదు, నష్టమూ లేదు. అంతకంటే తక్కువ ఖర్చు పెట్టేవాళ్లంతా లాభపడతారు. రెండో లెక్కలో ఆ గీత 5,100 దగ్గరే పడుతుంది. అంటే పట్టణంలోని సగటు ఇల్లు మొదటి లెక్కలో లాభపడుతుంది, రెండో లెక్కలో నష్టపోతుంది! ఏ ఆధారం తీసుకున్నారో రాయకుండా "మధ్యతరగతికి లాభం" అని రాస్తే దాన్ని నమ్మలేం. నా పద్ధతి ఏమిటంటే, సర్వేలో పై వర్గాల ఖర్చును జాతీయ ఖాతాలకు సరిపోయేలా పెంచి ఒకసారి, పెంచకుండా ఒకసారి నడుపుతాను. రెండు అంకెలూ ఇస్తాను.

ఇంకోటి, ఆ 8.4 శాతం అన్ని ఖర్చుల మీదా పడితేనే సరిపోతుంది. అద్దె, బడి ఫీజు, ఆస్పత్రి ఖర్చు, విడిగా అమ్మే బియ్యం, కూరగాయలు చాలావరకు జీఎస్టీలో లేవు. ఉన్న జీఎస్టీ వస్తువుల మీదే వేస్తామంటే రేటు బాగా పెరుగుతుంది. అయితే ఆ పన్ను పేదలకు కొంచెం తక్కువ తగులుతుంది, ఎందుకంటే వాళ్ల ఖర్చులో తిండి వాటా ఎక్కువ. సర్వేలో వస్తువుల వారీగా ఖర్చు ఉంటుంది కాబట్టి, ఓపిక ఉంటే ప్రతి వస్తువుకీ దాని జీఎస్టీ రేటు తగిలించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మారాయి, పాత పట్టిక వాడకండి.

సరే, ఇప్పుడు మూడు ఇళ్లు తీసుకుని చూద్దాం. మోడల్ మొత్తం నడిపే ముందు నేను ఎప్పుడూ ఇలా రెండు మూడు ఇళ్లను కాగితం మీద కడతాను. వాటిలో తేడా వస్తే లక్షల వరుసల్లోనూ తేడా వస్తుంది.

మొదటిది, పల్లెలో నలుగురున్న కూలీ ఇల్లు. ఖర్చు గ్రామీణ సగటే అనుకుందాం. 4,122ను నలుగురికి పన్నెండు నెలలకు వేస్తే 1,97,856. యూబీఐ 48,000 వచ్చింది. ప్రభుత్వం ఆహార సబ్సిడీ ఆపేసింది, మిగతా డబ్బు వినియోగ పన్నుతో తెచ్చింది. సబ్సిడీ మిగిలింది కాబట్టి పన్ను రేటు 8.4 నుంచి 7.4 శాతానికి దిగుతుంది. తలకు 5 కిలోల చొప్పున నెలకు 20 కిలోల బియ్యం పోయాయి. బజార్లో కిలో 45 అనుకుంటే ఏడాదికి 10,800. పన్ను 14,641. నికరంగా మిగిలేది 22,559. కాగితం మీద కనిపించే 48,000కీ ఇంట్లో నిలిచే దానికీ తేడా ఇంత. అయినా ఇల్లు లాభపడింది, ఆ మాట కూడా స్పష్టంగా రాయాలి. తెలంగాణలో ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కదా. అందులో రాష్ట్రం భరించే భాగం కేంద్రం నిర్ణయంతో ఆగదు, దాన్ని వేరే కాలమ్‌లో ఉంచండి.

బియ్యం విషయంలో ఒక జాగ్రత్త. ఆ సర్వేలో రెండు రకాల సగటులు ఉంటాయి. ఉచితంగా అందిన సరుకుల విలువ కలపకుండా 4,122, కలిపితే 4,247. మీరు రెండోది వాడి, మళ్లీ బియ్యం విలువ విడిగా కలిపితే ఒకే బియ్యాన్ని రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. విద్యార్థుల షీట్లలో నాకు తరచూ కనిపించేది ఇదే.

రెండో ఇల్లు నన్ను ఎక్కువ కలవరపెట్టేది. ఆంధ్రప్రదేశ్‌లో ఒంటరిగా ఉండే వృద్ధురాలు. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 పింఛను వస్తోంది, ఏడాదికి 48,000. "యూబీఐ వస్తే మిగతా నగదు పథకాలన్నీ రద్దు" అని మీ మోడల్లో ఒక లైను రాశారనుకోండి. ఆమె ఆదాయం 48,000 నుంచి 12,000కు పడిపోతుంది. దానిమీద వినియోగ పన్ను కూడా. దేశమంతా సగటు తీస్తే కింది వర్గాలు లాభపడ్డట్టే కనిపిస్తుంది, ఈవిడ మాత్రం పస్తులుంటుంది. పింఛను ఉంచి యూబీఐ కలిపితే ఆమెకు 60,000. ఒకే మనిషి, ఒకే యూబీఐ, ఒక్క షరతు మారితే తేడా ఏడాదికి 48,000 రూపాయలు. నా అభిప్రాయం దాచుకోను: పింఛన్లను, వికలాంగుల సాయాన్ని యూబీఐలో కలిపేసే ఏ నమూనానీ నేను సమర్థించను. వాళ్ల అవసరం వేరు, నెలకు వెయ్యితో అది తీరదు. మీరు సమర్థించినా సరే, సగటు పక్కనే "నష్టపోయిన ఇళ్ల శాతం" అనే కాలమ్ తప్పకుండా పెట్టండి. ఖర్చును బట్టి ఇళ్లను పది సమాన భాగాలు చేసి, ప్రతి భాగంలోనూ ఎంతమంది లాభపడ్డారు, ఎంతమంది నష్టపోయారు అని విడివిడిగా చూపించండి.

మూడో ఇల్లు హైదరాబాద్ ఉద్యోగిది. భార్య ఇంటి దగ్గరే ఉంటారు, ఇద్దరు పిల్లలు. జీతం 12,75,000. 2025-26 కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 12 లక్షలు. శ్లాబుల ప్రకారం పన్ను 60,000, రిబేటు 60,000, కట్టేది సున్నా. ఇప్పుడు యూబీఐని పన్ను పడే ఆదాయంగా చూస్తే? ఆయన 12,000 కలిసి ఆదాయం 12,12,000 అయింది. శ్లాబుల ప్రకారం 61,800 పడాలి. మార్జినల్ రిలీఫ్ ఉంది కాబట్టి 12 లక్షలు దాటిన మొత్తానికి మించి తీసుకోరు, అంటే 12,000. దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 12,480. ఇచ్చింది 12,000, తీసుకున్నది 12,480. ఆయన వాటాకి వచ్చిన యూబీఐ వల్ల ఆయనకు 480 రూపాయల నష్టం.

అంతటితో ఆగదు. మైనర్ పిల్లల ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎక్కువ సంపాదించేవాళ్ల ఆదాయంలో కలుపుతారు. చట్టంలో ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వకపోతే ఇద్దరు పిల్లల 24,000 కూడా ఆయన ఖాతాలోకే వస్తుంది. అప్పుడు పన్ను, సెస్సు కలిపి 37,440. భార్య 12,000కు పన్ను లేదు. ఇంటికి వచ్చిన 48,000లో మిగిలేది 10,560. అదే పన్ను పడే ఆదాయం 13.5 లక్షలున్న ఒంటరి ఉద్యోగికి? మార్జినల్ రిలీఫ్ పరిధి 12,70,588 దగ్గర అయిపోతుంది కాబట్టి ఆయనకు మామూలు 15 శాతమే. 12,000లో 1,872 పోయి 10,128 మిగులుతుంది. ఒక్క మనిషి వాటా 12,000 మీదే చూస్తే, మొదటాయనకు 480 నష్టం, ఎక్కువ జీతం ఉన్న ఈయనకు మాత్రం 10,128 మిగిలింది! ఇలాంటి గండ్లు సగటుల్లో కనిపించవు. అందుకే ఒక నమూనా ఇల్లు తీసుకుని, జీతాన్ని సున్నా నుంచి వెయ్యి వెయ్యి చొప్పున పెంచుతూ చేతికందే మొత్తం గ్రాఫ్ గీయండి. గీత ఎక్కడ కిందికి జారితే అక్కడ పాలసీలో లోపం ఉన్నట్టు. యూబీఐకి పన్ను మినహాయింపు ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి నడపండి.

ఇది ఊహాజనితమైన చర్చ అనుకోవద్దు. అమెరికాలోని అలాస్కాలో 1982 నుంచి చమురు నిధి రాబడిలో ఏటా ప్రతి నివాసికీ వాటా ఇస్తున్నారు, పిల్లలకు కూడా. దాని మీద ఫెడరల్ ఆదాయపు పన్ను పడుతుంది. ఆ డబ్బు వల్ల పేదలకు అందే ఇతర సాయం తెగిపోకుండా రాష్ట్రం విడిగా ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. ఫిన్లాండ్ 2017-18లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇచ్చి చూసింది. అది పన్ను లేని సొమ్ము, దానికోసం పన్ను చట్టం ఏమీ మార్చలేదు. కాబట్టి ఆ ప్రయోగం నుంచి పనిచేసే తీరు గురించి తెలుసుకోవచ్చు, పన్నుల గురించి ఏమీ చెప్పలేం.

ఇంటిని ఎలా నిర్వచిస్తారో కూడా ముందే తేల్చుకోండి. సర్వేలో ఇల్లంటే ఒకే వంటింటి తిండి తినేవాళ్లు. ఆదాయపు పన్ను మనిషికి. రేషన్ అయితే కార్డుకి. పీఎం కిసాన్‌లో కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. ఉమ్మడి ఇంట్లో తండ్రి, ఇద్దరు పెళ్లయిన కొడుకులు ఉంటే సర్వేకి అది ఒక ఇల్లు, పీఎం కిసాన్‌కి మూడు కుటుంబాలు కావచ్చు. డేటాను మనిషి స్థాయిలో ఉంచుకుని, ప్రతి మనిషికీ ఇంటి నంబరు, పన్ను యూనిట్ నంబరు, కార్డు నంబరు మూడూ ఇచ్చుకోండి. లెక్కలన్నీ అయ్యాక ఇంటి స్థాయికి కూడండి. మొదట్లోనే ఇంటి స్థాయికి కూడేస్తే మళ్లీ విడదీయలేరు.

ఆదాయం విషయంలో ఇంకో చిక్కు. వినియోగ సర్వే ఖర్చు అడుగుతుంది, ఆదాయం అడగదు. సంపాదన కావాలంటే శ్రామిక సర్వే (పీఎల్ఎఫ్ఎస్) చూడాలి, అందులో వస్తువుల ఖర్చు వివరం ఉండదు. వయసు, చదువు, వృత్తి, ఊరు, ఖర్చు స్థాయి పోల్చి రెండింటినీ జతచేయాల్సిందే. పై వర్గాలకు ఆదాయపు పన్ను శాఖ ప్రచురించే శ్లాబుల వారీ పట్టికలతో సరిచూసుకోండి. ఇంత పని వద్దనుకుంటే ప్రాజెక్టును వినియోగ పన్ను దారికే పరిమితం చేసి, ఆదాయపు పన్నును నమూనా ఇళ్లతో చూపించండి. ఎమ్మే స్థాయికి అది చాలా గౌరవమైన పని.

అన్నిటికంటే ముఖ్యమైన తనిఖీ ఒకటుంది: వెయిట్లు (సర్వేలోని ఒక్కో ఇల్లు దేశంలో ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు) వేసి అందరి నికర లాభనష్టాలూ కూడితే సున్నా రావాలి. ప్రభుత్వం అప్పు చేయడం లేదనే షరతు పెట్టుకుంటే, ఇచ్చిందీ తీసుకున్నదీ సమానం కావాలి కదా. పథకాలు ఆపినప్పుడు ప్రభుత్వానికి మిగిలే ఖర్చు, ఇంటికి పోయే విలువ ఒకటి కాకపోవచ్చు, ఆ తేడా రవాణా, నిల్వ, దుర్వినియోగం లాంటివాటి కింద విడిగా చూపించండి. మీ మొదటి షీటులో ఈ మొత్తం 16.8 లక్షల కోట్లు మిగులు చూపిస్తుంది. అసమానత అంత బాగా తగ్గడానికి కారణం అదే, డబ్బు ఆకాశం నుంచి పడింది.

మనుషుల ప్రవర్తన మారదా అంటారు. మారుతుంది, కానీ మొదటి దశలో కలపొద్దు. ముందు ఎవరూ ఏమీ మార్చుకోలేదని నడపండి, తర్వాతే పని గంటలు అటూ ఇటూ మార్చి చూడండి. డబ్బిస్తే పని మానేస్తారన్న భయానికి మన దేశంలో ఆధారం బలంగా లేదు. 2011లో మొదలై మధ్యప్రదేశ్ పల్లెల్లో 'సేవా' (SEWA) అనే స్వయం ఉపాధి మహిళల సంఘం నడిపిన ప్రయోగంలో పెద్దలకు మొదట నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చి తర్వాత 300, 150 చేశారు. అక్కడ సొంత పొలం పని, పశువుల పెంపకం పెరిగాయి. అయితే బయటి డబ్బుతో కొన్ని ఊళ్లలో చేసిన ప్రయోగమది, పన్ను పెంచి దేశమంతా చేస్తే అలాగే ఉంటుందని దాన్నిబట్టి చెప్పలేం.

ధరల సంగతి మాత్రం వదలొద్దు. ఇరాన్ 2010 డిసెంబరులో ఇంధన సబ్సిడీలు తగ్గించి, నెలకు తలకు 4,55,000 రియాల్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాతి ఏళ్లలో ద్రవ్యోల్బణం దాని విలువను కరిగించేసింది. మీ మోడల్లో ఐదో ఏడు కూడా చూపించండి, వెయ్యి వెయ్యిగానే ఉంటే ఒకటి, ధరలతో పాటు పెరిగితే ఒకటి. రెండోదాంట్లో పన్ను శ్లాబులు కదలకుండా ఉంటే ఎక్కువమంది పన్ను పరిధిలోకి వస్తారు, అదీ లెక్కలోకి రావాలి.

ఎక్సెల్ అయితే నమూనా ఇళ్లకు చాలు. సర్వేలో రెండున్నర లక్షలకు పైగా ఇళ్లున్నాయి, మనుషుల వరుసలు దాదాపు పదిన్నర లక్షలు దాటితే ఒక ఎక్సెల్ షీటులో పట్టవు. ఆర్ (R) గానీ పైథాన్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి. యూరప్‌లో వాడే యూరోమాడ్, ఓపెన్‌ఫిస్కా లాంటి మోడళ్ల పత్రాలు చదివితే నియమాలను ఎలా విడివిడి ఫంక్షన్లుగా (చిన్న కోడ్ ముక్కలుగా) రాస్తారో తెలుస్తుంది. పన్ను ఒక ఫంక్షన్, రేషన్ ఒక ఫంక్షన్, పింఛను ఒకటి. ఏది ముందు, ఏది తర్వాత నడవాలో కూడా ముఖ్యం. యూబీఐ ముందు పడాలి, తర్వాత పన్ను, ఆ తర్వాత ఆదాయాన్ని బట్టి వచ్చే పథకాల అర్హత.

చివరగా, దేశమంతా కాకుండా తెలంగాణకో ఆంధ్రకో మాత్రమే చేస్తే తేలికేమో అనిపించవచ్చు. జనాభా తగ్గుతుంది నిజమే, కానీ రాష్ట్రానికి జీతాల మీద ఆదాయపు పన్ను వేసే అధికారం లేదు, జీఎస్టీ రేటును సొంతంగా పెంచుకోలేదు. ప్రధానంగా మిగిలేవి మద్యం, పెట్రోలు మీద పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజులు, ఉన్న పథకాలను ఆపడం. మద్యం పన్ను కూలీ ఇళ్ల జేబుల్లోంచి ఎంత వస్తుందో చూడాలి. ఆ దారి ఎంచుకుంటే, సర్వేలో మద్యం ఖర్చు చాలా తక్కువగా చెప్పబడుతుందని గుర్తుంచుకుని, ఎక్సైజ్ రాబడి అంకెలతో దాన్ని సరిచేశాకే ఎవరు మోస్తున్నారో తేల్చండి.